సుమిత్రమ్మ పెట్టిన రంద

మోస్రా నుంచి బోధన్‌లోని అల్లుడి కొత్త ఇంటికి వచ్చిన కాశయ్య, స్నానం చేసినంతసేపూ గొంతెత్తి పాడాడు. భక్తి పొంగి కాదు, బాత్రూము తలుపుకు గడియ పడక. మూడో చరణంలో మాట మరిచి ఆగాడు. ఆ కాస్త సందులో వియ్యపురాలు వసంతమ్మ బకెట్ కోసం తలుపు తోసింది. ఇద్దరూ మర్యాదస్తులు కనుక "బాగున్నరా" అంటే "బాగున్నరా" అనుకుని, తలుపు దగ్గరికేసుకున్నారు.

ఆ తలుపు చేసింది వడ్రంగి రాజనర్సు. సాయంత్రానికల్లా అల్లుడు నరేందర్ ఆయన ఇంటి ముందున్నాడు.

"నర్సన్నా, బాత్రూము తలుపు అంచు ఒక దిక్కే ఎక్కువ పోయి గడియ పడ్తలేదు. ముంగటి టేకు దర్వాజ గూడ గిట్లనే జేస్తవా? చెప్పు, నిజామాబాద్ కెళ్లి ఇంకొకల్ని పిలుచుకుంట."

"చెక్క తడి మీదుండె పటేలా. సక్కగ జేస్త."

తడి కాదని రాజనర్సుకు తెలుసు. చెక్కను చదును చేసే రందను తిరగేసి, ఒక కన్ను మూసి అడుగు వెంబడి చూస్తే బ్లేడు అంచు వెంట్రుకంత కనబడాలి, రెండు కొసలా సమంగా. అలా చూసి బిగించడాన్నే రంద పెట్టడం అంటారు. ఆయన కుడికంటికి పొర వచ్చి వెంట్రుక మాయమైంది. అందాజుగా బిగిస్తే బ్లేడు ఒరిగింది, ఒరిగిన వైపు ఎక్కువ కొరికింది. ఇప్పుడు దర్వాజ చేజారితే, ఇన్నేళ్ల పేరు దానితోపాటే పోతుంది. ఈ సంగతి ఇంట్లోనూ చెప్పలేదు.

మర్నాడు రాజనర్సు పాత చెక్క మీద రంద ఆడిస్తుంటే, గడపలో బీడీలు చుడుతున్న భార్య సుమిత్రమ్మ చాటలో పొట్టు చుట్టలు పడ్డాయి. ఆమె ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఏమయ్యా, గిదేంది? గీ అంచు మందం, గా అంచు ఉత్తదే. గిసొంటి బీడీలు నేను తీస్కపోతే మొఖాన కొడ్తరు."

"కన్ను మసకగొడ్తుందే" అన్నాడాయన, రందకు చెబుతున్నట్టు.

ఆమె తిట్టలేదు. దాంతో ఆయనకు మరింత భయం వేసింది. చాట పక్కన పెట్టి, "కొట్టు" అంది.

ఆయన చిన్న సుత్తితో బ్లేడును పక్కనుంచి తట్టి రంద తోశాడు. ఆమె పొట్టు పట్టుకుంది.

"ఇంకొద్దిగ."

మళ్లీ తట్టాడు.

"జర ఎక్కువైంది, ఎన్కకు. ఆఁ, గిప్పుడు సమమున్నది. దర్వాజ అయినంక దావఖానకు నడువు."

"నడుస్త. గని నువ్వు రంద పెట్టినవని ఎవ్వలకు చెప్పకు. నవ్వుతరు."

"నాకేం పని లేదా?"

బాత్రూము తలుపుకు అంచున పట్టీ అతికించి, ఆ రందతోనే సరిచేశాక, టేకు చెక్కలు పట్టాడు. పొట్టు ఉల్లిపొరలా లేచింది. అన్నం పెట్టేటప్పుడు పొగాకు వాసన అని తాను ఎన్నోసార్లు విసుక్కున్న ఆమె వేళ్లకు రాజనర్సు మనసులోనే దండం పెట్టాడు. పైకి మాత్రం, "కూసో, ఇయ్యాల చాయ్ నేను పెడ్త" అన్నాడు. ఆ చాయ్ ఎట్లుందో ఆమె ఇప్పటిదాకా చెప్పలేదు.

దర్వాజ నిలబెట్టిన రోజు నరేందర్ ఒక్క వేలితో నెడితే తలుపు మెత్తగా మూసుకుంది. చుట్టాలంతా మెచ్చుకుంటుండగా, తల తుడుచుకుంటూ కాశయ్య వచ్చాడు.

"ఏం బాత్రూము తలుపయ్యా రాజనర్సూ! గొంతు చించుకొని పాడినా బయటికి ఇనొస్తలేదట. నా పాట మంచిగున్నదని ఒక్కలన్న అనలే!"

జనం వెనక సుమిత్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజనర్సు బాగున్న కంటితో ఆమెనే చూస్తూ, అందరికీ వినబడేలా అన్నాడు:

"గా తప్పు నాది గాదు బాపూ, రంద పెట్టింది మా సుమిత్ర."