ఆయిల్ గొట్టానికి జానెడు కొసరు

మా దుకాణంలో తాడు మూరల లెక్కన అమ్ముతాం. అడిగినన్ని మూరలు కొలిచాక ఇంకో జానెడు ఊరికే వదిలి కోస్తాం. అది కొసరు. అర్ధవీడు వైపు నుంచి వచ్చే గొర్రెల కాపరులు ఆ జానెడు కోసం నాయన చేతినే చూస్తూ నిలబడేవాళ్లు. ఆ గల్లా పక్కన పెరిగినందుకు నాకు రెండు విద్యలు అబ్బాయి. కొసరు లేకుండా ఏదీ కొనను, వచ్చిన కొసరును వదులుకోను. ఈ రెండో విద్య నాయన కారును దాదాపు దర్శికి పంపేసింది.

నాయన కారు వయసులో నాకంటే పెద్దది. దాని ఇంజన్‌కు ఆయిల్ ఫిల్టర్ లేదు. అడుగున ఒక ఇనుప జల్లెడ ఉంటుంది, అంతే. మార్కాపురం పలకరాయి దుమ్ముకు అదేం అడ్డు? కొత్త ఆయిల్ పోసిన నెలకే వేళ్ల మధ్య గరగరలాడేది. ఒకసారి బేరింగులు అరిగిపోయి ఇంజన్ మొత్తం విప్పించాం. మళ్లీ విప్పించే ఓపిక నాయనకు లేదు. కారు కొంటానని దర్శి నుంచి ఒకాయన అప్పటికే రెండుసార్లు వచ్చిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వస్తానన్నాడు.

"ఈసారి ఇచ్చేస్తా రా," అన్నాడు నాయన కంచంలోకి చూస్తూ. "నా చేతుల్లో అరిగి చచ్చేదానికంటే, ఎవురింట్లోనో నీడపట్టున ఉండనీ."

ఆ పూట ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచాడు. నేను నేరుగా కంభం రోడ్డులో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. చిన్నప్పటి నుంచి ఆయన్ని మామా అనే పిలుస్తాను.

"పంపు నించి ఇంజన్ పైకి బయటి పక్క ఒక రాగి గొట్టం పోతాది గదా," అన్నాడు మామ. "దాన్ని పీకేసి మధ్యలో ఫిల్టర్ పెట్టల్ల. పంపు నించి ఫిల్టర్‌కి ఒక పైపు, ఫిల్టర్ నించి ఇంజన్‌కి ఒక పైపు. ఒక్కోటి మూరన్నర, సరిగ్గా."

కూలి దగ్గర బేరం మొదలైంది. నేను తగ్గించాను, ఇంకా తగ్గించాను. చివరికి మామ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ రేటుకైతే నువ్వే బిగించుకో అల్లుడూ. నేను పక్కన కూసోని టీ తాగుతా. టీ నీదే."

గెలిచాననే అనుకున్నాను.

ట్రాక్టర్లకు ఆయిల్ పైపులు చేసే దుకాణంలో పైపు కోసి, రెండు కొసలకూ ఇనుప మూతులు మిషన్‌తో నొక్కి ఇస్తారు. మూరన్నర చెప్పి, కొసరు అడిగాను.

"కొసరేంది? ఇది తాడు కాదన్నా, కొలత ప్రకారం కొయ్యాల."

"మా దుకాణంలో గొర్రెలకు కూడా కొసరు ఇస్తాం."

"గొర్రెలకు సైలెన్సర్ ఉండదు గదా!"

అయినా నేను కదలకపోయేసరికి విసిగిపోయి, రెండు పైపులకూ చెరో జానెడు వదిలి కోశాడు.

ఆదివారం పొద్దున్నే మామ షెడ్డులో పని మొదలుపెట్టాను. ఫిల్టర్ కూర్చునే దిమ్మెను ఇంజన్ వెనక రేకుకు బోల్టులతో బిగించాను. దానికి రెండు రంధ్రాలు, ఆయిల్ వచ్చేదొకటి, పోయేదొకటి.

"బాణం గుర్తు చూసి పెట్టు," అన్నాడు మామ స్టూలు మీద నుంచి. "తిరగేస్తే ఇంజన్‌కి చుక్క పోదు. ఫిల్టర్ చేత్తోనే తిప్పు, పానా ముట్టుకోవాకు."

ఫిల్టర్‌ను ఆయిల్‌తో నింపి, రబ్బరు రింగుకు వేలితో ఆయిల్ పూసి బిగించాను. పైపులూ కలిపాను.

"ఆ వేలాడేదేంది?"

"కొసరు మామా."

"పోయి కోయించుకోని రా."

ఊరికే వచ్చిన పైపును కోయించడానికి మనసు ఒప్పలేదు. మా దుకాణం నైలాన్ తాడే తెచ్చి, వేలాడే వంపులు రెంటినీ పైకి లాగి కట్టేశాను. మామ ఇంకో టీ చెప్పించుకున్నాడు.

స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ సూది పైకి లేచి నిలబడింది. నాయన ఉతికిన చొక్కా వేసుకొచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కంభం రోడ్డు మీద ఆయన రోడ్డుకంటే సూదినే ఎక్కువ చూశాడు. ఊరు దాటిన కాసేపటికి రబ్బరు కాలిన వాసన వచ్చింది.

బానెట్ ఎత్తాం. వేడికి నా తాడు కరిగి తెగిపోయింది. ఒక పైపు వంపు సైలెన్సర్ గొట్టం మీద పడి పొగలు కక్కుతోంది. ఇంకొంచెం దూరం పోయుంటే ఆయిల్ రోడ్డు మీద ఉండేది, కారు దర్శిలో ఉండేది.

నాయన వంగి, రెండో పైపు వంపు మీద అరచేయి చాచి పెట్టాడు, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా.

"జానెడు."

"అవును నాయనా."

"అడిగి తెచ్చినావా?"

"అడిగే."

తిడతాడనుకున్నాను. రేకు పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఇన్నేండ్లు ఊరందరికీ ఇచ్చినా గదరా, తిరిగొచ్చి నా ఇంజన్‌కే తగులుకున్యాది!"

ఆయన్ని కారు దగ్గర ఉంచి, పైపులు విప్పుకుని ఆటోలో పైపుల దుకాణానికి పరిగెత్తాను. కాలినదాని బదులు కొత్తది చేయించాను. రెండోది జానెడు కోయించి మళ్లీ మూతి నొక్కించాను.

"కొసరు ఎంత వదలమంటావన్నా?" అన్నాడు పైపులాయన, మొహం మామూలుగా పెట్టి.

"వద్దు."

ఆ మాట నా నోటి నుంచి రావడం నాకే వింతగా వినిపించింది. ఆయన కోసిన జానెడు ముక్కను నా జేబులో పెట్టి పంపించాడు.

పైపులు బిగించి, కారిన ఆయిల్ మళ్లీ పోసుకుని ఇంటికి చేరేసరికి దర్శి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నాయన దిగకుండానే పక్క తలుపు తెరిచి "ఎక్కు" అన్నాడు. గంటసేపు తిప్పుకొచ్చాడు.

"ఇంజన్ సల్లగా ఉంది పెద్దాయనా," అన్నాడు దర్శి ఆయన దిగుతూ. "రేటు పెంచుతా."

"పెంచబల్లేదు. ఇంగ ఇది యాడికీ పోదు."

దర్శి ఆయన మొహం వాడిపోయింది. వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం నాయనకు చేతకాదు. నా జేబులోంచి బయటికి కనిపిస్తున్న పైపు ముక్క లాగి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది తీసుకపో. కొసరు."

"బేరమే కుదరలేదు, కొసరేంది?"

"మా దుకాణం అట్లనే."

ఆయన నవ్వుకుంటూ బస్సెక్కాడు. కారు మా ఇంటి ముందే ఉంది, ఆయిల్ కూడా ఇప్పుడు వేళ్లకు గరుకు తగలడం లేదు. ఆ ముక్క సంగతే నాకు ఇంకా బాధ. మా దుకాణం షట్టర్ పిడికి తొడుగుగా సరిగ్గా సరిపోయేది.