కరుణమ్మ టీచరు కప్పల పాఠం

జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన కరుణమ్మకు రెండే పిచ్చులు. చర్చిలో గొంతెత్తి పాడడం, పురుగూ పుట్రా చేతికిచ్చి పిల్లకాయలకు సైన్సు చెప్పడం. బస్సు రోజుకు రెండుసార్లే పోయే ఒక పల్లె హైస్కూల్లో ఆమెకు ఉద్యోగం. ఆ పల్లెలో మనుషులే కాదు, మంచినీళ్ళ బోర్లు కూడా రెండు వర్గాలు. పై వీధి నారాయణది, కింద వీధి కొండయ్యది. క్లాసులో బెంచీలు కూడా అట్లే పంచుకున్నారు.

ఎలక్షన్ల ముందర నారాయణ ఉన్నట్టుండి పార్టీ మారినాడు. పాత జెండా దించి, అదే కట్టెకు కొత్తది కట్టించినాడు. సరిగ్గా ఆ వారమే కప్పల పాఠం వచ్చింది. వానలు పడినాయి గదా అని, కరుణమ్మ వంకలోంచి ఒక కప్పను, బడి గోడ కిందనుంచి ఒక గోదురు కప్పను పట్టించి గాజు సీసాల్లో పెట్టింది.

"ఇవి ఉభయచరాలు. చిన్నప్పుడు నీళ్ళలో మొప్పలతో గాలి పీలుస్తాయి. పెద్దయితే తోక పోయి, కాళ్ళొచ్చి, గట్టెక్కుతాయి. వీటికి నీళ్ళూ కావల్ల, నేలా కావల్ల" అని చెప్పింది.

కింద వీధి బెంచీలు కిసుక్కుమన్నాయి. పొద్దు గూకేసరికి నారాయణకు ఊర్లో కొత్త పేరు పడింది, ఉభయచరం అని.

మరుసటి రోజు బడి ముందర జీపు ఆగింది. నారాయణ నలుగురు మనుషులతో క్లాసులోకొచ్చి స్టూలు మీద కూచున్నాడు. కరుణమ్మ చేతిలో సుద్దముక్క కింద పెట్టలేదు.

"నన్ను కప్ప అన్న్యావంట, టీచరమ్మా?"

"కప్పనే కప్ప అన్న్యానప్పా. మిమ్మల్నేమీ అనల్యా."

నారాయణ సీసాల వైపు చూసినాడు. "ఈ గరుకుదేంది? శానా మర్యాదగా కూచున్యాది."

"గోదురు కప్ప. తోలు పొడిగా, బుడిపెలుగా ఉంటాది. దూరం దుమకదు. ఎక్కువ నేలమీదే ఉంటాది."

"అంటే ఇది జాగా మారదు, కొండయ్య మాదిరి" అన్నాడు నారాయణ మొహం ముడుచుకొని.

కరుణమ్మ అంతటితో ఊరుకోవల్సింది. సగం పాఠం చెప్పి వదిలే అలవాటు ఆమెకు లేదు.

"అట్లేం లేదప్పా. గుడ్లు పెట్టాలంటే అదీ నీళ్ళకే పోవల్ల. దాని పిల్లలకూ మొప్పలే. రెండూ ఒకటే తరగతి."

నారాయణ పొట్ట పట్టుకొని నవ్వినాడు. కొండయ్య కూడా ఆ కొత్త పార్టీ వాళ్ళతోనే చాటుగా మాట్లాడుతున్నాడని ఊరంతటికీ తెలుసు. ఆ సాయంత్రమే పై వీధి అరుగుల మీద కొండయ్య గోదురు కప్ప అయిపోయినాడు.

ఈ దెబ్బతో ఇద్దరికీ టీచరమ్మ పొడ గిట్టలేదు. ఒకరికి తెలియకుండా ఒకరు కడపకు పోయి, ఆమెను ఊర్లోనుంచి తీసెయ్యమని పెద్ద ఆఫీసరును పట్టుకున్నారు. ఎన్నడూ ఒక మాట మీదికి రాని ఇద్దరూ ఒకటే అడిగినారంటే పని ఆగుతుందా? ప్రొద్దుటూరులో ఖాళీ ఉంటే అక్కడికి వేసినారు. జమ్మలమడుగుకు దగ్గరని కరుణమ్మ తల్లి దీవెనమ్మ ఎన్నాళ్ళుగానో ఆ ప్రొద్దుటూరు కోసమే మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తాంది.

"ప్రభువు ఎవరి చేత పని చేయించుకుంటాడో చూడు" అనింది దీవెనమ్మ.

కరుణమ్మ పోయేనాడు పిల్లకాయలు బస్సు దాకా వచ్చినారు. ఎవరు పై వీధో, ఎవరు కింద వీధో చూసుకోకుండా కలిసి నిలబడి ఏడ్చినారు. ఆమె కూడా ఏడ్చింది. బస్సు ఊరు దాటినాక మాత్రం కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతానే ఉండింది. పక్క సీట్లో కూచున్న తోటి ప్రయాణికురాలు ఖమర్‌బీ "ఏందమ్మా, పుట్టింటికా?" అని అడిగింది.