ఎత్తు బండి

వెల్డర్ కొన్నప్పుడు ఆ ట్రక్కు తుప్పు పట్టిన ఛాసిస్, ఊడిపోయిన ఓ తలుపు, అంతే. ఎనిమిదేళ్లపాటు ఆదివారాలన్నీ దాని కిందే వెల్లకిలా పడుకుని గడిపాడు. రాళ్లగుట్టలెక్కాలని బాడీని బాగా పైకి లేపాడు. పాత లారీ స్ప్రింగులు తెచ్చి అమర్చాడు. ముందు బంపర్ సొంత చేత్తో వంచి అతికించాడు.

"దాన్నే కట్టుకున్నావు, నేను చిన్నిల్లు" అనేది భార్య.

ఏడాదికి రెండుసార్లు కొండదారులు పట్టి పోయొచ్చేవాడు. తిరిగొచ్చాక వారం దాకా ఎవరేమన్నా చెవికెక్కేది కాదు.

ఓ మధ్యాహ్నం తల్లికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. ఆమెను చేతుల మీద ఎత్తుకొచ్చి ట్రక్కు ఎక్కించబోయాడు. సీటు అతని ఛాతీ ఎత్తున ఉంది. ఆమె జారింది, తల తలుపుకి కొట్టుకుంది. చివరికి ఎదురింటి టైలర్ తన చిన్న కారు తీశాడు.

వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకురమ్మన్నారు. వెల్డింగ్ షెడ్డు సంపాదన మందులకే చాలడం లేదు. తమ్ముడికి ఫోన్ చేశాడు.

"నా పరిస్థితీ అంతంతమాత్రమే అన్నయ్యా. అంత ఖరీదైన బొమ్మని ఇంట్లో పెట్టుకుని నన్ను అడుగుతావేంటి?"

మాట ములుకులా దిగింది. ఆ వారమే ట్రక్కుని అమ్మకానికి పెట్టాడు.

కొనడానికి ఓ హోటల్ యజమాని వచ్చాడు. ఇంజన్ స్టార్ట్ చేయమనలేదు, కిందికి వంగి చూడలేదు.

"కొండల్లోకి తీసుకెళ్తారా?" అడిగాడు వెల్డర్.

"ఎందుకూ? ఎర్ర రంగేయించి హోటల్ ముందు పెడతా. పిల్లలు ఫొటోలు దిగుతారు."

బేరం వద్దని చెప్పేద్దామనుకున్నాడు. లోపల తల్లి దగ్గుతోంది. తాళాలిచ్చేశాడు.

ఆ డబ్బులో కొంత పెట్టి పాత కారొకటి కొన్నాడు. "అమ్మ కోసం అమ్మేశావన్నమాట" అన్నాడు టైలర్, ఓదార్చాననుకుని. తల్లి ఆ కారులో ఇరుక్కుని కూర్చుని, వంకరపోయిన నోటితో అడిగింది.

"ఊపిరాడట్లేదురా. నీ పెద్దబండేదీ?"

"రిపేర్లో ఉందమ్మా."

పదకొండు వారాలు తిప్పాడు. వేలు కదిలింది, ఆ తర్వాత చెయ్యి. పన్నెండో వారం మళ్లీ పక్షవాతం. ఈసారి ఆసుపత్రి దాకా కూడా రాలేదామె.

కర్మలకి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక తమ్ముడు వరండాలో చెప్పులేసుకుంటూ అన్నాడు.

"బండి విషయంలో తొందరపడ్డావన్నయ్యా. మూడు నెలలు ఆగుంటే సరిపోయేది."

భార్య చేతిలోని గ్లాసు అక్కడే ఆగిపోయింది. వెల్డర్ లేచాడు. పిడికిలి బిగించాడు కూడా. కానీ ముందురోజు ఖాళీ షెడ్డులో నిలబడినప్పుడు సరిగ్గా ఇదే మాట అతని మనసులోనూ మెదిలింది. చెయ్యి లేవలేదు.

తమ్ముడు వెళ్లాడు. అన్నదమ్ములకి ఇప్పటికీ మాటల్లేవు. కొట్టబోయాడని తమ్ముడికి కోపం. కొట్టలేకపోయినందుకు అన్నకి తన మీద తనకే అసహ్యం.