పగులు మీది గాజుముక్క

గోడలు చప్పుడు చేయకుండా కదులుతాయని నా చిన్నప్పుడే తెలిసింది నాకు. తొంభైలలో మేము బెంగళూరు అంచున కాడుగోడిలో ఉండేవాళ్లం. అనంతపురం వైపు నుంచి కూలిపనికి వచ్చిన పది పన్నెండు కుటుంబాలు, వరసగా రేకుల షెడ్లు. మా నాన్న మేస్త్రీ. ఆయన కట్టిన గోడకు వంక పెడితే రెండు రోజులు సరిగ్గా అన్నం తినేవారు కాదు. ఆ పౌరుషమే నాకూ వచ్చిందని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఎం.టెక్. చదివే ఒక అక్క మా షెడ్లకు వస్తుండేది. పాత బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ల అమ్మాయి. మట్టిలో కాస్త సిమెంటు కలిపి, బట్టీలో కాల్చకుండా అచ్చులో నొక్కిన దిమ్మెలతో ఇళ్లు కట్టడం, ఎండతో దీపాలు వెలిగించడం, ఇదీ ఆమె చదువు. దానికోసం మా నాన్న చేత ఒక గది కట్టించింది. పైన సోలార్ పలక, లోపల రెండు దీపాలు. కరెంటు లేని ఇళ్ల పిల్లలం సాయంత్రాలు అక్కడే చదువుకునేవాళ్లం. ఆ గది మా నాన్న కట్టిందేనని బళ్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

వానలు మొదలయ్యాక వెనకగోడకు వెంట్రుకంత పగులు కనబడింది. "పైపూత పగిలుండాది, అంతేమ్మా" అన్నారు నాన్న. అక్క వాదించలేదు. ఆ నేల ఒకప్పటి క్వారీ గుంటను పూడ్చిందని ఆమె అప్పటికే ఎవరి దగ్గరో విన్నదట. సన్నని గాజుముక్కను పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించింది.

"గోడ కదిలితే ఇది పగలతాది పాపా. దినామూ చూసి నాకు చెప్పల్ల" అని ఆ పని నాకు అప్పగించింది.

వారం తిరగకుండానే ఒక పొద్దున గాజు నడిమికి విరిగి ఉంది. చెబితే గది మూసేస్తారు, నాన్న పేరు పోతుంది. ఇంట్లో పగిలిన ఫోటో ఫ్రేము గాజు తెచ్చి, నాన్న సంచిలోంచి పిడికెడు సిమెంటు తీసి, అచ్చం అక్కలాగే అతికించాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

మూడు సాయంత్రాలు మామూలుగానే గడిచాయి. వెనకగోడ చల్లగా ఉంటుందని మా తమ్ముడు రోజూ దానికే వీపు ఆనించి కూర్చునేవాడు. నేను వాణ్ణి చూస్తూనే ఎక్కాలు చదివాను.

నాలుగో రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. ఆదివారం కావడంతో పిల్లలందరం గదిలోనే ఉన్నాం, నాన్న కూడా పనికి పోకుండా గుమ్మం బయటే ఉన్నారు. గాజు మూలను వేలితో తడిమి చూసింది. అంటించిన తేదీని ఆమె అక్కడ గాజు కోసే ములికితో గీసి ఉంచిందట. నా గాజు మీద ఏ గీతా లేదు. పిల్లలందర్నీ బయటికి పంపి, నా చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి తెచ్చింది.

"ఎన్ని దినాలైంది?" అని మెల్లగా అడిగింది.

నేను నోరు తెరిచేలోగా లోపల టిక్కుమని చిన్న చప్పుడైంది. ఎవరూ ముట్టుకోకుండానే నా గాజు కూడా విరిగింది. ఆ చప్పుడు విన్న నాన్న అక్క ముఖం చూశారు, గోడ చూశారు. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. మర్నాడు తెల్లవారుజామున వానలో ఆ గోడ కప్పుతో సహా కూలిపోయింది.

అక్క డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది. గోడ కూలిన సంగతి ఆమె తన థీసిస్‌లో దాచలేదు. గాజు మార్చిన సంగతీ రాసింది. నా పేరు లేదు. పసిపిల్లకు ఆ పని అప్పగించడం తన తప్పని మాత్రం రాసుకుంది. పెద్దయ్యాక అది చదివి చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు నేనూ కట్టడాల పనులు చూస్తుంటాను. పగులు కనబడితే నా చేత్తోనే గాజు అతికించి తేదీ గీస్తాను. విరిగితే ఎవరి పౌరుషం దెబ్బతిన్నా సరే, ఆ పూటే చెప్పేస్తాను. ఒక్కటి మాత్రం ఇంకా చెప్పలేకపోతున్నాను. గాజు విరిగిందని తెలిసి కూడా మూడు సాయంత్రాలు తనను ఆ గోడ దగ్గర కూర్చోనిచ్చానని మా తమ్ముడికి ఇప్పటికీ తెలియదు.