బావగారి రేసు కారు బెల్టులు

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళందరిలాగే మా బావగారు కూడా టేప్ రికార్డరు, సెంటు సీసాలు, పూల దుప్పట్లు తెచ్చారు. వాటితోపాటు మా వైపు ఎవరూ ఎప్పుడూ తేనిది ఒకటి తెచ్చారు. ఎర్రటి పట్టీలు, ఒక్కోటి మూడు వేళ్ళ వెడల్పు. రెండు భుజాల మీంచి, రెండు నడుం పక్కల నుంచి, ఒకటి తొడల మధ్య నుంచి వచ్చి ఒక గుండ్రటి ఇనుప తాళంలో కలుస్తాయి. తాళాన్ని ఒక్క తిప్పు తిప్పితే అయిదూ ఒకేసారి ఊడిపోతాయి. మా అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం పలుపురా, ఏ ఎద్దుకి కడతారు?" అని నన్నడిగింది. బావగారు నవ్వి, "నాకేనండీ అత్తయ్యగారూ" అన్నారు.

ఇది ఎనభైల మొదట్లో మాట. అమలాపురంలో నాకు వెల్డింగు షెడ్డు ఉండేది. లారీ తొట్టెలకి అతుకులు వెయ్యడం, ట్రాక్టర్ ట్రక్కులు కట్టడం, కార్లకి పుచ్చిపోయిన రేకులు మార్చడం నా పని. పనిమంతుడినని పేరుంది. ఆ పేరు నాకు బాగా వంటబట్టింది కూడా. ఎవరైనా వంక పెడితే ఆ పూట వెల్డింగు రాడ్డు కన్నా నేనే ఎక్కువ మండేవాణ్ణి.

బావగారు గల్ఫ్‌లో ఒక గరాజ్‌లో పని చేశారు. సెలవు రోజుల్లో అక్కడ కార్ల రేసులు చూసి చూసి ఆయనకి ఆ పిచ్చి పట్టింది. తిరిగొచ్చాక రాజోలు అవతల ఒక డాక్టరుగారి దగ్గర పాత కారు కొన్నారు. అప్పట్లో మన రోడ్ల మీద తిరిగే రెండు రకాల్లో చిన్నది. మద్రాసు దగ్గర యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద ఏటా రేసులు జరిగేవి. అందులో ఒక్కసారైనా తోలాలని ఆయన కోరిక. ఇలాంటి బెల్టులు లేని బండిని అక్కడ లోపలికి రానివ్వరట. బెల్టులున్నాయి, కారుంది, వాటిని బిగించడానికి బావమరిదిని నేనున్నాను.

మా అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరు పిల్లలు. అరిచి గోల చేసే మనిషి కాదు. ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ షెడ్డు ముందు గొడుగు ముడిచి నిలబడింది.

"ఒరే తమ్ముడూ, ఆయన మాట వినరు. ప్రార్థన చేసుకున్నాను, అదీ పని చెయ్యలేదు. ఇంక నువ్వు కట్టే బెల్టు ఒక్కటే మిగిలింది. అది ఊడకుండా చూడు."

"నీకెందుకక్కా, నేను లేనా?" అన్నాను.

బెల్టుల పెట్టెలో బిగించే విధానం బొమ్మలతో ఉన్న కాగితం ఒకటి ఉండేదట. బొంబాయి కస్టమ్స్‌లో పెట్టె చింపి చూసినప్పుడు అదెక్కడో పోయింది. బావగారికి గుర్తున్నంత ఆయన చెప్పారు, గుర్తులేనిది నేను కల్పించాను. సీటు వెనకాల నేలరేకుకి రంధ్రాలు పొడిచి భుజాల పట్టీలు, సీటు పక్కల రంధ్రాలు పొడిచి నడుం పట్టీలు వేశాను. కింద నుంచి పెద్ద వాషర్లు, నట్లు. తొడల మధ్య పట్టీని దేనికీ బిగించకుండా ఉత్తినే వదిలేశాను. నడుం పట్టీ బావగారి పొట్ట మీదకి చక్కగా వచ్చింది. గల్ఫ్ తిండికి ఆయనకి ఆ పొట్ట కూడా బాగానే వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. సీటు కుడిపక్క రంధ్రం పొడుస్తున్నప్పుడు డ్రిల్లు మరీ మెత్తగా దిగింది. మంచి రేకైతే తెల్లగా మెరిసే చుట్టలు లేస్తాయి. అక్కడ ఎర్రటి పొడి రాలింది. నేను చూశాను. కొత్త బిట్టు కదా, అందుకే జోరుగా దిగిందని నాకు నేనే చెప్పుకుని ఆ పొడిని నోటితో ఊదేశాను. తరవాత రంధ్రాల మేరకి మడిచి ఉంచిన నేలమీది పీచు చాపని మళ్ళీ పరిచేశాను.

ఆ రాత్రి అక్క ఇంట్లోనే భోజనం చేశాను. "అయిపోయిందక్కా, ఏనుగు లాగినా కదలదు" అన్నాను. అక్క చేపల పులుసు రెండోసారి వడ్డించింది.

మర్నాడు పొద్దున్న మా షెడ్డుకి బాబాయ్ వచ్చాడు. చుట్టం కాదు. మా వీధి చివర ఉండే తాటిచెట్లు గీసే పెద్దాయన, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి బాబాయే. గీత కత్తికి పిడి వదులైతే నా దగ్గర బిగించుకునేవాడు. అప్పటికే అరవై దాటాయి, ఇంకా చెట్టెక్కేవాడు. బావగారు సీట్లో బెల్టులు పెట్టుకుని కూర్చుని ఉత్తినే స్టీరింగు తిప్పుతున్నారు. బాబాయ్ కిటికీలోంచి తల పెట్టి కాసేపు చూశాడు.

"ఇదెందుకండీ?"

"గుద్దేస్తే మనిషి ముందుకు పడకుండా బాబాయ్" అన్నారు బావగారు.

"ఆయ్. మరి పొట్ట మీద కట్టేరేంటండీ? పొట్ట మెత్తన కదండీ. మెత్తన దాన్ని నమ్మకూడదు. మోకు నేను ఇక్కడ వేస్తాను" అని తన తుంటి ఎముకల మీద రెండు చేతులూ వేసి చూపించాడు. మోకంటే చెట్టుకీ నడుముకీ కలిపి వేసుకునే తాడు. "పైకి జరిగిందా, కాలు జారినప్పుడు పేగులు తెగిపోతాయండీ."

తరవాత భుజాల పట్టీలు చూశాడు. అవి భుజం మీంచి సీటు వెనక నిట్టనిలువుగా నేలకి దిగి ఉన్నాయి. "ఇవి ముందుకు పడకుండా ఆపవండీ, భుజాల్ని కిందకి తొక్కుతాయి. బియ్యం బస్తా వేసినట్టు వెన్ను కుంగిపోద్ది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. చెట్లు గీసేవాడు నాకు కార్ల పని చెప్పడమా అనుకున్నాను. ఆ మాట అనలేదు గానీ, "అది వేరు, ఇది వేరు బాబాయ్. ఇది ఏనుగు లాగినా రాదు" అన్నాను.

"మరి లాగి చూసేవా అబ్బాయ్?"

నేను స్పానరు తీసి, బిగించిన నట్టునే మళ్ళీ బిగించబోయాను.

"నేను రోజూ చెట్టెక్కే ముందు రెండు అడుగుల ఎత్తులో ఒళ్ళంతా తాడు మీద పడేసి వేలాడతాను. నిన్న వేలాడిన తాడే, అయినా వేలాడతాను. అక్కడ తెగితే నవ్వుకుంటాం. పైన తెగితే ఎవరు నవ్వుతారు?"

బావగారు బెల్టు విప్పుకుని దిగిపోయారు. "లాగుదామోయ్" అన్నారు.

సరే, బాబాయ్ నోరు మూయిద్దామనే నేనూ ఒప్పుకున్నాను. బెల్టులు విప్పి పక్కన పెట్టాం, అవి పాడవకూడదు కదా. బోల్టులకి లారీవాళ్ళ ఇనుప తాడు కట్టాం. కారు వెనక భాగాన్ని ఒక కొబ్బరిచెట్టుకి కట్టేసి, ముందు అద్దం తీసిన ఖాళీలోంచి ఇనుప తాడుని బయటికి తెచ్చి, ఎదురుగా ఉన్న చెట్టుకి చైన్ పుల్లీ వేసి లాగడం మొదలుపెట్టాను. తాడు బిగిసింది. ఇంకో నాలుగు లాగులు లాగాను. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. కుడిపక్క బోల్టు, దాని వాషరు, దాని చుట్టూ అప్పడమంత రేకు ఊడి బానెట్ మీద పడ్డాయి.

పీచు చాప ఎత్తి చూశాం. ఆ కారు డాక్టరుగారి దగ్గర సముద్రం గాలిలో బతికింది. మా వైపు ఎవరు కారు కొన్నా బురద అంటకుండా నేలమీద పీచు చాప పరుస్తారు. గుమ్మంలో పరిచినట్టే. వానాకాలం ఆ పీచు నీళ్ళు తాగుతుంది, ఉప్పుగాలి తాగుతుంది, మళ్ళీ వదలదు. కింద నుంచి చూస్తే మాత్రం నల్లటి తారు పూతతో రేకు నిగనిగలాడుతుంది. చాప కింద నీరంటే అదే. ఆ చాపల్ని నా షెడ్డులో నేనే ఎంతమంది కార్లలో కొలిచి కోసి పరిచానో లెక్కలేదు.

బావగారు ఊడిన ముక్కని చేతిలోకి తీసుకుని వేలితో నొక్కారు. అంచు విరిగింది. "రేకు పాతదైపోయిందోయ్, నువ్వేం చేస్తావు" అన్నారు. ఎర్రటి పొడి సంగతి అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గేసింది. ఆ ముక్కని నా పనిముట్ల డబ్బా అడుగున పడేశాను.

తరవాత పది రోజులు వేరే పని ముట్టుకోలేదు. నేలరేకు కోసేసి కొత్త రేకు వేశాను. నడుం పట్టీల బోల్టులు ఉత్త రేకుకి కాకుండా, కారు పక్కల పెట్టెలా ఉండే గట్టి ఉక్కు దగ్గరికి జరిపాను. కింద అరచెయ్యంత మందపాటి ప్లేట్లు వేశాను, వాటి మూలలు రేకుని కొయ్యకుండా గుండ్రంగా అరగదీశాను. సీటు వెనక బావగారి భుజం ఎత్తుకి కొంచెం కింద, ఈ పక్క నుంచి ఆ పక్కకి గట్టి గొట్టం వెల్డు చేశాను. భుజాల పట్టీలు ఇప్పుడు నేలకి దిగకుండా తిన్నగా వెనక్కి దానికే వెళ్ళాయి. నడుం పట్టీ పొట్ట మీదకి ఎగబాకకుండా, ఈసారి నేలకి బిగించిన తొడల మధ్య పట్టీ కిందకి లాగి పట్టింది. అదెందుకో నాకు అప్పటిదాకా అర్థమే కాలేదు, సోకుకి పెట్టారనుకున్నాను. సీటు కూడా అదే విధంగా ప్లేట్లు వేసి బిగించాను. సీటు ఊడితే ఎన్ని బెల్టులుండి ఏం లాభం?

మళ్ళీ బాబాయ్‌ని పిలిచి ఒక్కో బోల్టునీ లాగాను. చెట్లు కదిలి ఒక కొబ్బరికాయ బానెట్ మీద పడి సొట్ట పడింది. ఆ కారుకి అదే మొదటి యాక్సిడెంటని బావగారు నవ్వారు. బోల్టులు మాత్రం కదల్లేదు.

కారుని లారీ మీదకి ఎక్కించి రావులపాలెం మీదుగా మద్రాసు తీసుకెళ్ళాం. రేసు రోజు బెల్టులు నేనే బిగించాను. ముందు నడుం పట్టీ తుంటి మీదకి దింపి లాగాను, తరవాతే భుజాలవి. ఊపిరి ఆడటం లేదంటే ఆడినంత చాలన్నాను. మూడో రౌండులో ముందు కారు ఒకటి అడ్డంగా తిరిగిపోయింది. దాన్ని తప్పించబోయి బావగారు ఇసుక డ్రమ్ముల్ని గుద్దేశారు. కారు ఒక పల్టీ కొట్టి చక్రాల మీదే నిలబడింది. నేను పరిగెత్తాను. ఏం ఆలోచించానో గుర్తులేదు, అక్క గొడుగు ఒక్కటే కళ్ళముందుంది. నేను చేరేసరికి ఆయన తాళం తిప్పుకుని దిగి, స్టీరింగు ఎంత వంగిందో చూసుకుంటున్నారు. తుంటి ఎముకల మీద రెండు పక్కలా, భుజాల మీద, పట్టీ వెడల్పున నల్లగా కమిలింది. అంతే.

ఇంటికొచ్చాక బాబాయ్ చూడ్డానికి వచ్చాడు. బావగారు లుంగీ కొంచెం దించి తుంటి మీద మచ్చ చూపించారు. బాబాయ్ తన పంచె దించి అదే చోట నలభై ఏళ్ళుగా తాడు రాసుకుని కాసిన కాయ చూపించాడు. ఇద్దరూ ఒకటే నవ్వు.

"ఆ బెల్టులు ఇంక పారేయండి" అన్నాడు బాబాయ్. "ఒకసారి మనిషిని ఆపిన తాడు ఇంకోసారి ఆపదండీ. నేనైతే నరికేస్తాను. ఉంటే మళ్ళీ వాడాలనిపిస్తాది."

"కొత్తవాటిలా ఉన్నాయి బాబాయ్. వచ్చే ఏడు వీటితోనే తోల్తాను" అన్నారు బావగారు.

నేను గీత కత్తి అడిగి తీసుకుని, పట్టీలు అరుగు మీద పరిచి, ఒక్కొక్కటీ నాలుగేసి ముక్కలు చేశాను. బావగారికి కోపమొచ్చింది. అంతకు ముందూ తరవాతా నన్ను ఆయన అంత కోప్పడింది లేదు. "ఎవడిచ్చేడ్రా నీకీ హక్కు? గట్టిగా ఉన్నవాటిని పాడు చేస్తావా?" అని అరిచారు. అక్క లోపల్నుంచి వచ్చింది.

గట్టిగా ఉన్నాయో లేదో పైకి చూస్తే తెలీదని నేను చెప్పాలి. అది నాకెలా తెలుసో కూడా చెప్పాలి. పనిముట్ల డబ్బా తెచ్చి అడుగున ఉన్న రేకు ముక్క అక్క చేతిలో పెట్టాను. డ్రిల్లు మెత్తగా దిగిందనీ, ఎర్రటి పొడి చూశాననీ, ఊదేసి పైన చాప కప్పేశాననీ చెప్పాను. బాబాయ్ రాకపోతే బావగారు దాన్ని నమ్ముకునే వెళ్ళేవారని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

బావగారు అరవడం మానేసి అరుగు మీద కూర్చున్నారు. అక్క ఆ ముక్క అంచుని వేలితో తడిమింది.

"ఆ రాత్రి మనింట్లోనే అన్నం తిన్నావు కదరా" అంది. "నేను రెండోసారి పులుసు వేస్తుంటే నా మొహంలోకి చూసే చెప్పేవు, ఏనుగు లాగినా కదలదని."

ఔనన్నాను. అక్క ఆ ముక్కని లోపలికి తీసుకెళ్ళి వంటింటి గూట్లో ఉప్పు జాడీ పక్కన పెట్టింది. ఆ తరవాత ఎన్నోసార్లు ఆ ఇంట్లో అన్నం తిన్నాను, ఎప్పుడూ అక్కే వడ్డించేది. ఆ ముక్క సంగతి మళ్ళీ ఎత్తలేదు. అక్కడి నుంచి తియ్యనూ లేదు.