ప్రేయర్ అన్న మాట కోసం ఇల్లిల్లూ తిరిగిన ప్లీడరు మావ

ఒక్క ఇంగ్లీషు మాటని తెలిసి తెలిసి అబద్ధంగా చదివి మా ఉప్పు లైనుని హడలగొట్టినవాడు ఉప్పు కంట్రాక్టరు దగ్గర పనిచేసే మేనేజరు. ఆ అబద్ధాన్ని సరిదిద్దడానికి మండుటెండలో గడప గడపా ఎక్కి దిగుతూ, గురువారం మధ్యాహ్నం మా ప్లీడరు మావ పోయారు.

గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. కాదు, మేనేజరే చంపేడని రాసెయ్యాలని నా చెయ్యి దురద పెడతన్నాది. అలా రాస్తే మావ ఒప్పుకోరు. "ఎలెజ్ అంటే ఆరోపించడం. ప్రూవ్ అంటే రుజువు చెయ్యడం. ఈ రెండిటి మధ్యన ఓ ఏరున్నాదిరా అల్లుడా. ఈత రాకుండా దూకీకు" అనేవారు. అందుకని రుజువున్న మేరకే రాస్తన్నాను. మేనేజరు మాట మార్చి చదివాడు. లైనంతా విన్నాది. అంతవరకూ నిజం.

తెలియనివాళ్ళకి మా సంగతి ముందు చెప్పాలి. నౌపడ ఉప్పు మళ్ళ గట్టు మీద వరసగా ఉన్న రేకుల ఇళ్ళని ఉప్పు లైను అంటాం. మా అమ్మమ్మల కాలం నుంచీ ఆ మళ్ళల్లో ఉప్పు లాగి బతుకుతున్నవాళ్ళం. లైను చివర మేం ఆదివారం ప్రార్థన చేసుకునే పాక ఉంది. గట్టు ఖాళీ చెయ్యమని కంట్రాక్టరు అన్నాక, మమ్మల్ని కదపకూడదని మావ మా అందరి పేర్లతో కోర్టులో దావా వేశారు. అది ఈ సోమవారం విచారణకి వస్తాది. పిలిచినప్పుడు మేం అక్కడ లేకపోతే దావా కొట్టేస్తారు. దావా పోతే ఇళ్ళు పోతాయి. మావ పక్కన లేకుండా మేం కోర్టు మెట్లెక్కడం ఇదే మొదలు.

నాకు భయంగా ఉన్నాది. ఇది సిగ్గు లేకుండా రాస్తన్నాను. పార్టీలో తిరుగుతూ నేను చదువుకున్న కరపత్రాలన్నిటిలోనూ భయం అన్న మాట శత్రువుకే వాడతారు. మన గుండెలు దడదడలాడితే ఏం చెయ్యాలో ఒక్క కరపత్రంలోనూ లేదు. బండి చప్పుడైతే చాలు, మేనేజరు మనుషులేమోనని రాయడం ఆపి తలుపు సందులోంచి చూస్తన్నాను.

మావ ఇల్లు కోటబొమ్మాళి స్టేషనుకి దగ్గర. శనివారం మధ్యాహ్నాలు ముందుగదిలో లా చదివే పిల్లలకి, నాతో కలిపి, ఇంగ్లీషు మాటలు నేర్పేవారు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి పాసింజర్లో వచ్చేవారు. సాలూరు కుర్రాడొకడు తెలిసిన లారీ పట్టుకుని వచ్చేవాడు. అందరం తెలుగు మీడియం సరుకే. లా పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడేవి గానీ మనిషి కనపడేవాడు కాదు. తలుపు వెనక్కి తిప్పి దాని మీద సుద్దముక్కతో మాట రాసేవారు మావ. నోట్లో లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకుని అడిగేవారు: "ఇప్పుడు సెప్పండి. ఈ మాట ఎవుడి పక్కన నిలబడతాది?"

అర్థం అడిగేవారు కాదు. ఎవరి పక్కనో చెప్పమనేవారు.

'మే'కీ 'షల్'కీ తేడా అడిగితే మాలో ఒక్కడికీ రాలేదు. "మే అంటే పెళ్ళి పిలుపు. రావొచ్చు, మానొచ్చు. షల్ అంటే కోర్టు సమను. రాకపోతే నీ పని సెప్తారు" అన్నారు. 'వితౌట్ ప్రిజుడిస్' అని ఉత్తరాల మీద ఎందుకు రాస్తారంటే, "నీతో రాజీ మాటాడతన్నాను గానీ నా హక్కు నా జేబులోనే ఉన్నాది, అందులో సెయ్యి పెట్టకు అని" అన్నారు. ఇప్పుడు ఆ మాట ఎక్కడ చూసినా నాకు ముందు జేబు కనపడతాది.

ఒకసారి 'ఎక్స్ పార్టీ' అని రాశారు. నేను ఠక్కున లేచాను. "మాజీ పార్టీ సభ్యుడు మావా. పార్టీ నుంచి తీసేసినోడు."

గది గొల్లుమంది. మావ నవ్వలేదు. సుద్దముక్క నా మీదకి విసిరారు. "నీ బుర్రలో పార్టీ తప్ప ఇంకేటీ నేదేట్రా? ఎదుటోడు కోర్టుకి రాపోతే ఆడు నేకుండానే తేల్సీడం, అది ఎక్స్ పార్టీ. దావా ఏసిన మనమే రాపోతే కేసు కొట్టీడం, అది డిఫాల్టు. రెండిట్లోనూ నేరం ఒకటే, రాకపోడం. నువ్వు రోడ్డు మీద ఎంత అరిసినా జడ్జిగోరి సెవికి అందదు. పేరు పిలిసినప్పుడు 'ఉన్నాను' అను. ఆ ఒక్క మాట సాలు."

లోపలి నుంచి అత్త అంది: "ఆ కుర్రోడి మీద అరవకండి. ఉన్నాను అని ఆడు రోజూ అంటన్నాడు, బువ్వ టైముకి." అప్పుడు మావ కూడా నవ్వేరు.

పోయిన వారం కోర్టు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. కేసు తేలేదాకా కంట్రాక్టరుని ఆపమని మేం ముందుగా ఒక కోరిక కోరాం. దాన్ని కోర్టు ఒప్పుకోలేదు. అసలు దావా అలాగే ఉంది, సోమవారం సాక్ష్యం మొదలు. ఇంతే ఆ ఆర్డరు. కానీ మా చేతికి అందే లోపలే మేనేజరు దాని చివరి వాక్యం ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పేడు. ఆ సాయంత్రమే లైనులోకి బండేసుకుని వచ్చి, ప్రార్థన పాక ముందు నిలబడి గట్టిగా చదివాడు. ఇంటెరిమ్ ప్రేయర్ ఈజ్ రిజెక్టెడ్.

"ఇన్నారా? ప్రేయర్ రిజెక్టు. కోర్టోరు మీ ప్రేయర్ వద్దన్నారు. ఈ పాకలో ఇంక పాట ఇనపడిందంటే లోపలేస్తారు. సోమవారం కోర్టు కాడ కనపడినోణ్ణి కనపడినట్టే పట్టుకుంటారు."

మాకు ప్రేయర్ అంటే ఒకటే. చిన్నప్పుడు సండే స్కూల్లో మొదట నేర్చుకున్న ఇంగ్లీషు మాట అదే. ఆ ఆదివారం పాక తలుపు తియ్యలేదు. ముసలమ్మలు ఇళ్ళల్లో నోట్లోనే పాడుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుణ్ణి నమ్మనోణ్ణి నేను, అయినా జనం ప్రార్థన ఆపడానికి కోర్టెవరని, రైలు గేటు కాడ రాస్తారోకో చేద్దామని, ఎర్ర అట్ట మీద నినాదం రాసుకుని మావ దగ్గరికి పరిగెత్తాను.

మావ అట్ట చదివేరు. కాస్త నవ్వు వచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన మొహంలో భయం చూడడం నాకదే మొదలు.

"ప్రేయర్ అంటే ప్రార్థన కాదురా. కాగితంలో మనం కోర్టుని ఏటి కోరతామో దాని పేరు ప్రేయర్. కోరిక. ఇంటెరిమ్ అంటే అంతదాకా. అంతదాకా కావాలన్న కోరిక ఒప్పుకోలేదు, అంతే. అసలు కోరిక బతికే ఉన్నాది."

"మరి ఆ మేనేజరుకి ఇంగ్లీషు రాదా?"

"వచ్చురా. అదే నా భయం. తెలీనోడు తప్పు సదివితే దిద్దొచ్చు. ఈడు మనోళ్ళకి ఏ మాట గుండెల్లో ఉన్నాదో సూసి అక్కడ కొట్టేడు. సోమవారం ఎవులూ రారు. రాపోతే డిఫాల్టు." చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ లేచేరు. "నువ్వు ఆ అట్ట ఇక్కడ పడేసి నాతో రా."

అలా ఇల్లిల్లూ తిరగడం మొదలైంది. ఫోను చేసి చెప్తానన్నాను. వద్దన్నారు. ఫోన్లో వచ్చిన అబద్ధం ఫోన్లో పోదట, మనిషే ఎదురుగా కూర్చోవాలట. ప్రతి ఇంట్లోనూ చాప మీద చతికిలబడేవారు. టీ ఇస్తే సాసరులో పోసుకుని ఊదుకుంటూ, తొందరే లేనట్టు తాగేవారు. ఆ తర్వాతే మాట.

ఒక ముసలమ్మ అడిగింది: "మరి మేం పొద్దున్నే మోకరించి సేసుకుంటన్నది ఏటి బాబూ?"

"అది దేవుడికమ్మా. ఇది జడ్జిగోరికి. దేవుణ్ణి మోకాళ్ళ మీద అడగాల, కోర్టుని కాగితం మీద అడగాల."

"దేవుడైతే రిజెక్టెడ్ అని రాసి పంపడు" అంది ముసలమ్మ.

"రాసి పంపడు గానీ, ఆయన కూడా కొన్నిటికి వాయిదాలేస్తాడమ్మా."

ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. కానీ సోమవారం వస్తావా అంటే తల వంచుకుంది. "లోపలేస్తారన్నాడు గదా." అక్కడ మావ చెప్పిన మాట నేను మర్చిపోలేను: "భయపడితే తప్పు నేదమ్మా. భయపడి ఇంట్లో కూకుంటే ఆడు గెలిసేత్తాడు. భయాన్ని కూడా నీతో తెచ్చీ. కోర్టులో దానికీ సోటున్నాది." చివరికి ఆవిడ తల ఊపింది.

గురువారం నాటికి సగం లైను అయింది. తర్వాతి ఇంటి మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేరు. నేను గ్లాసు తెచ్చేసరికి తల గోడకి ఆన్చి ఉంది. నిద్రనుకున్నాను. పిలిచేను. ఇంకోసారి పిలిచేను. మావ పలకలేదు.

శుక్రవారం సమాధి దగ్గరికి మేనేజరు కూడా వచ్చాడు. మోయలేనంత దండ తెచ్చాడు. మట్టి వేసి, నా పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు: "పెద్దాయన ఊరికే తిరిగి పేణం మీదకి తెచ్చుకున్నారు బాబూ. నువ్వు కుర్రోడివి. సోమవారం ఎండలో తిరక్కు."

చెయ్యి ఎత్తేను. కొట్టేసేవాణ్ణే. అత్త వెనక నుంచి నా మణికట్టు పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు పోయింది, గుసగుసలాగ వచ్చింది: "ఒరే, ఆడికి కావాల్సింది అదే. నువ్వు సెయ్యి సేసుకుంటే సోమవారం నువ్వు టేసన్లో ఉంటావు. మిగిలిన సగం ఇళ్ళకి ఎవులెల్తారు?"

అందుకే నేను వెళ్తన్నాను. రోజంతా తిరుగుతున్నాను, సాసరులో టీ తాగుతున్నాను. నాకు మావలా చెప్పడం రాదు, మధ్యలో కోపం వస్తాది, మాట తడబడతాది. కొన్ని తలుపులు తెరుచుకోలేదు. కొందరు తెరిచి నా మొహంలోకి చూస్తన్నారు. నేను భయపడుతున్నానో లేదో చూస్తన్నారని నాకు తెలుసు. దాచలేకపోతున్నాను. కోర్టులో మా తరఫున ఇప్పుడు మావ దగ్గర జూనియరు లాయరుగా చేసిన ఓ అక్క నిలబడతాది. "వాదన నేను సూసుకుంటాను, సాక్ష్యం మాత్రం మీరే సెప్పాల. పేర్లు పిలిసేటప్పుడు మనుషులుండాల" అంది ఆవిడ.

ఈ కాగితం రాస్తుంటే, బయట మళ్ళ దగ్గర అమ్మా వాళ్ళూ ఉప్పు లాగుతున్నారు. ఎవరు మొదలెట్టారో తెలీదు. ఒకావిడ కోర్టు బంట్రోతులా గొంతు పెంచి పక్కావిడ పేరు పిలుస్తాది. ఆవిడ ఉప్పు లాగుతున్న పలక ఆపి, నడుం నిటారుగా చేసి, "ఉన్నానండీ" అంటాది. మొదట నవ్వులు వచ్చేయి. ఇప్పుడు నవ్వడం లేదు. ఒకరి తర్వాత ఒకరు, తెల్లటి ఉప్పు కుప్పల మధ్య నిలబడి తమ పేరుకి తామే జవాబు చెప్పుకుంటున్నారు. గాలి నీటి మీదుగా ఆ మాటని అవతలి గట్టు దాకా తీసుకెళ్తున్నాది.

ఉప్పు లైను వాళ్ళే కాదు, మావ దగ్గర ఒక్క మాటైనా నేర్చుకున్న ప్రతి ఒక్కరూ మాతో కోర్టుకి రండి. భయమేస్తే భయంతోనే రండి. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకి, నౌపడ రైలు గేటు దగ్గర.