కార్జానికి కార్జమే మందట!

నా లివర్‌కి కొవ్వు పట్టిందని డాక్టర్ చెప్పి మూడు నెలలైంది. అప్పటి నుంచి టీలో పంచదార లేదు, ఇంట్లో వేపుళ్ల ఊసే లేదు. పొద్దున్నే బీచ్ రోడ్డులో గంట నడక. రేపు మళ్లీ స్కానింగ్.

ఎవరు చేరవేశారో గానీ, ఇవాళ మధ్యాహ్నం సబ్బవరం నుంచి మా మేనత్త రెండు బస్సులు మారి క్యారియర్‌తో దిగింది. మూత తీస్తే మిరియాలు దట్టించిన మేక కార్జం వేపుడు!

"అత్తా, నేనివి తినకూడదు" అన్నాను, కళ్లు మాత్రం క్యారియర్ మీదే ఉంచి.

"నీ కార్జం పాడైపోనాదనే కదరా తెచ్చాను! మీ మావయ్యకి కాలిరిగితే కాళ్ల పులుసు పెట్టే నడిపించాను. కార్జానికి కార్జమే మందు."

"మరి ఈ మేక కార్జానికీ కొవ్వు పట్టుంటే?"

"దానికెందుకు పడతాదిరా? అదేటి, నీలాగ కుర్సీలో కూకుంటాదేటి? పొద్దల్లా కొండలమ్మట తిరుగుతాది."

రెండు ముక్కలు తిన్నాను. సాయంత్రం ఎవరూ చెప్పకుండానే ఇంకో గంట నడిచొచ్చాను.

రేపు రిపోర్టు బాగుంటే ఎవరికి దండం పెట్టాలో మీరే చెప్పండి. డాక్టర్‌కా, ఆ మేకకా?